మా నాయన కట్టిన మబ్బుపెండ్లి

మా నాయన కూనిరాగం తీస్తే ఆళ్లగడ్డలో జనం ఆకాశం వైపు చూసేవాళ్లు. సరదాకి చెబుతున్న మాట కాదిది. అంగడి ముందు నిలబడి ఆయన తనకు తెలియకుండానే ఒక ముక్క గొణిగాడంటే చాలు, పక్కనున్న మనిషి తలెత్తి మబ్బేమైనా ఉందా అని చూసి, ఇంకొకరికి కన్ను గీటేవాడు. కొన్నాళ్లకు నాయన ఆ గొణగడం కూడా మానేశాడు. నాకు బాగా ఊహ తెలిసేనాటికి మా ఇంట్లో పాట అన్నదే లేదు. నేను సంగీతం నేర్చుకున్నది నంద్యాలలో, మా మేనత్త ఇంట్లో ఉండి. ఆ నాలుగు ముక్కలతోనే అక్కడి ఆడపిల్లల బడిలో పాటల టీచరునయ్యాను. రైల్వేలో పనిచేసే మా ఆయనకు నేను దొరికిందీ ఆ ఊళ్లోనే.

నాయనకు ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. నేను ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆయన ఒక పాటల నాటకం కట్టాడు. దాని పేరు మబ్బుపెండ్లి. మాటలు తక్కువ, అంతా పాటే. మబ్బు పెళ్లికూతురు, నల్లరేగడి చేను పెళ్లికొడుకు. ఆడవాళ్ల గుంపు మబ్బు తరఫున, మగవాళ్ల గుంపు చేను తరఫున పాడతారు. మా వైపు పెళ్లిళ్లలో ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ ఒకరినొకరు పాటలతో దెప్పుకుంటారు కదా, ఆ వరసలు తీసుకుని, వాటిలో కలుపు పాటలూ దంపుడు పాటలూ కోలాటం దరువులూ చేర్చి, ఒక పూటంతా నడిచే ఆట చేశాడు. మబ్బు అలిగి నల్లమల వెనక దాక్కుంటుంది. చేను తరఫువాళ్లు కాళ్లబేరానికి వస్తారు. ఆఖరున రెండు గుంపులూ కలిసి తలంబ్రాల పాట పాడతారు. ఫిడేళ్లు, క్లారినెట్, హార్మోనియం, మద్దెల, డప్పులు అన్నీ ఒకేసారి మోగేవి. పల్లెలో అంతమంది ఒక చోట కూర్చుని ఒకే పాట వాయించడం అంతకు ముందు ఎవరూ చూడలేదట.

ఆ ఆట మా పెదనాయన కళ్లం పక్కన ఆడారు. పెదనాయన అంటే నాయనకు పెదతండ్రి కొడుకు, మా ఇళ్లన్నిటికీ పెద్దదిక్కు. ఆ యేడు ఆయనకు మిరప విరగకాసింది. కాయలన్నీ కళ్లంలో ఆరబోసి ఉన్నాయి, పక్కనే జొన్న కంకులు నూర్పిడికి సిద్ధంగా ఉన్నాయి. పంట ఇంటికొస్తున్న సంతోషంలో ఆయనే ముచ్చటపడి ఆట ఆడించాడు. మాఘమాసం. ఆకాశం అద్దంలా ఉంది. అలక పాట సగంలో ఉండగా ఎక్కడి నుంచి వచ్చిందో గాలి లేచింది, వెనకే వాన. మబ్బు తరఫు ఆడవాళ్లు తడిసిన నల్లచీరలు చేత్తో ఎత్తిపట్టుకుని పరుగెత్తడం నాకు ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మ నన్ను చంకనేసుకుని పశువుల కొట్టంలోకి దూరింది. ఆ వాన మర్నాడు కూడా విడవలేదు. మిరపకాయలు నల్లబడి బూజు పట్టాయి, కంకులు కళ్లంలోనే మొలకెత్తాయి. తలంబ్రాల పాట ఎవరూ వినలేదు.

వాన వెలిశాక పెదనాయన పదిమందిలో నిలబడి ఒకే ఒక మాట అన్నాడు. "మబ్బును పిల్చింది నువ్వే గదప్పా. నా కాయలు తినింది నీ పాటే." ఆయన కోపంలో అన్నాడో బాధలో అన్నాడో తెలియదు గానీ, ఊళ్లో ప్రతివాడికీ ఎంతో కొంత నష్టం జరిగి ఉంది, ఆ తప్పు ఎవరి మీదో ఒకరి మీద వేయాలి. మాట నిలిచిపోయింది. నాయన హార్మోనియం అటక ఎక్కింది. పెళ్లిళ్లలో, భజనల్లో ఆయన్ను పాడమని అడిగినవాళ్లు లేరు. అది కూడా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఏమిటంటే, నాయన కూడా నమ్మాడు. అంత చదువుకున్నవాడు, అంత తెలివైనవాడు, తన పాట వల్లే అన్న పంట పోయిందని లోపల్లోపల నమ్మి కుంగిపోయాడు. నాకు ఈ సంగతి అర్థమైన రోజు నుంచీ పెదనాయన అంటే ఒళ్లు మండేది. ఆయన ఇంటికి వెళితే మంచినీళ్లు కూడా తాగేదాన్ని కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయ్యి, ఆ రాజధాని కాస్తా హైదరాబాదుకు తరలిపోయిన తర్వాతి మాట ఇది. మా బడి వార్షికోత్సవానికి పెద్ద టీచరమ్మ జానపదం ఏదైనా పెట్టమన్నది. జానపదం అనే మాట అప్పుడే పేపర్లలో కొత్తగా కనబడుతోంది. అంతవరకూ వాటిని మేం పాటలనే అనుకునేవాళ్లం. నాకు చిన్నప్పటి నుంచీ నోట్లో నలుగుతున్న ఒక ముక్క ఉంది, అది పిల్లలకు నేర్పుతున్నాను.

"కొంగు చూసి పోయేటోళ్లు కుండలేంటికి తెచ్చినారు?"

బడికి గుడ్డలు విరాళం ఇచ్చే శెట్టి ఒకాయన ఆ వేళకు వరండాలో కూర్చుని ఉన్నాడు. నంద్యాల బజారులో పెద్ద బట్టల అంగడి ఆయనది. పాట విని లేచి లోపలికే వచ్చేశాడు. "ఇది మబ్బుపెండ్లిలో ఆడోళ్ల జవాబు గదమ్మా. దీని ముందర మగోళ్లు ఏదో అడగతారు, అది యాడ?" అన్నాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆ రోజు వానలో తడిసిన ఫిడేళ్లలో ఒకటి ఆయనదేనట. ఆ వయసులో కూడా మధ్యాహ్నం బేరాలు లేని వేళ గుడ్డల తానుల వెనక కూర్చుని వాయించుకుంటాడట. నేనెవరి కూతుర్నో చెప్పగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ నాయన ఇంకా ఉన్నాడా అని అడిగాడు, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి గురించి.

ఆ రోజే అనుకున్నాం, ఈ ఆట మళ్లీ ఆడించాలని. అనుకోవడం తేలిక. నాయన మబ్బుపెండ్లిని నేర్పిన పద్ధతి ఒకటుంది, అది మా ప్రాణం తీసింది. నిజం పెళ్లిలో ఆడపెళ్లివారు ఏం దెప్పబోతున్నారో మగపెళ్లివారికి ముందుగా తెలియదు. తెలిస్తే రోషం రాదు. అందుకని ఆయన రెండు గుంపులకూ వేరువేరు చోట్ల నేర్పాడు. ఆడవాళ్లకు ఆడవాళ్ల ముక్కలే వచ్చు, మగవాళ్లకు మగవాళ్లవే. శెట్టికి ఫిడేలు మీద వచ్చింది ఉత్త స్వరమే, మాటలు రావు. మొత్తం తెలిసిన మనిషి ఒక్కడే, ఆయన నోరు విప్పడు.

ఆదివారం వచ్చిందంటే బస్సెక్కడమే. మా ఆయన మొదట్లో గొణిగాడు గానీ, తర్వాత తానే టిఫిన్ కట్టి ఇచ్చి పంపేవాడు. అవుకులో ఒకావిడ ఉంది, మా ఊరి ఆడపడుచు, పెళ్లయి అక్కడికి వెళ్లింది. ఆమెకు కొంగు చూసి పోయేటోళ్లు పాట చివరిదాకా వచ్చు. అసలు మగవాళ్లు ఏమడిగితే అలా దెప్పారు అని అడిగితే ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "వాళ్లు ఏందో అంటారు తల్లీ, మేం ఇట్ల అంటాం" అన్నది. వాళ్లు అన్నది తర్వాత మిడుతూరులో దొరికింది. ఆనాటి మగవాళ్ల గుంపులో, చెక్కభజనలో ముందు నిలబడి పాడిన పెద్దమనిషి ఒకాయన అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. మంచం మీద పడుకునే కాళ్లతో తాళం వేస్తూ పాడాడు.

"కొండెనక కూచుంటే కోపమెట్ల తెలిసేది, కొంగైనా సూపరాదా మబ్బమ్మా."

అప్పుడు తెలిసింది నాకు. నీళ్ల కోసం కుండలు తెచ్చుకుని, పైకి మాత్రం కొంగు చూపిస్తే చాలంటున్నారని ఆడవాళ్ల దెప్పుడు. మా నాయన ఇంత కొంటెవాడా అని బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. పక్క సీటు ఆవిడ జరిగి కూర్చుంది.

తలంబ్రాల పాట మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆడవాళ్లూ నేర్చుకున్నారు, మగవాళ్లూ నేర్చుకున్నారు, ఆట దాకా రాలేదు కాబట్టి మరిచిపోయారు. ఒకరిద్దరికి ఎత్తుగడ గుర్తుంది, అంతే. నాయనను అడిగాను. ఆయన జొన్నరొట్టె తుంచుకుంటూ, గొడ్లకు మేత వేశారా అని అమ్మను అడిగాడు. నేను మళ్లీ అడిగాను. ఆయన కంచం దగ్గర నుంచి లేచిపోయాడు. అమ్మ నన్ను తిట్టింది.

సరే, తలంబ్రాలు లేకపోయినా పరవాలేదు, దొరికినంతవరకు వార్షికోత్సవంలో పెడదామని నేనూ శెట్టీ తీర్మానించుకున్నాం. మా తెలివి చూడండి, వార్షికోత్సవం మాఘమాసంలో. నంద్యాల పత్తిమిల్లుల ఆవరణల్లో పత్తి కొండల్లా పోసి ఉంటుంది, చుట్టుపక్కల ప్రతి కళ్లంలో మిరపకాయలు ఆరుతుంటాయి. బడిలో పిల్లలు పాడబోతున్నది ఏ ఆటో బయటికి పొక్కింది. మొదట ఒక రైతు వచ్చి తన కూతుర్ని పాట నుంచి తీసేయమన్నాడు. మర్నాటికి గుంపు సగమైంది. పత్తి వ్యాపారులు ఇద్దరు పెద్ద టీచరమ్మ దగ్గరికి వచ్చి, మర్యాదగానే, ఈ పాట ఎండాకాలం పెట్టుకోరాదా అని అడిగారు. ఆమె నన్ను పిలిచి, చదువుకున్నదానివి నువ్వే నచ్చజెప్పు అన్నది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చదువుకున్నవాళ్లే భయపడుతుంటే నేనెవరికి నచ్చజెప్పాలి అన్నాను. ఆ పైన ఇంకా నాలుగు అన్నాను, అవి ఇక్కడ రాయను. వార్షికోత్సవంలో పిల్లలు ప్రార్థన గీతం పాడి కూర్చున్నారు.

ఆ యేడు ముంగారు వానలు, అవే తొలకరి వానలు, ముఖం చాటేశాయి. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. కాలువ కింద పొలాలున్నవాళ్లు ఎలాగో నెట్టుకొస్తున్నారు గానీ మెట్ట రైతుల ముఖాల్లో నెత్తురు లేదు. ఆళ్లగడ్డలో కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయించుకున్నారు. వరదపాశం చేశారు. పాయసం వండి బండ మీద పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని నాలుకతో నాకడం అది. పెద్దపెద్ద మీసాలవాళ్లు కూడా మోకాళ్ల మీద వంగి నాకారు. చినుకు లేదు. బడికి సెలవు పెట్టి నేను పుట్టింట్లోనే ఉన్నాను. పునర్వసు కార్తె కూడా పొడిగా మొదలైన రోజున పెదనాయన మా గడప తొక్కాడు.

ఆయన మా ఇంటికి రావడం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. ముసలివాడైపోయాడు. అరుగు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు పశువుల గురించి మాట్లాడాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, ఊరంతా అనుకుంటున్నారనీ, మబ్బుపెండ్లి ఒకసారి ఆడిస్తే బాగుంటుందనీ అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. నవ్వాలో కొట్టాలో తెలియలేదు నాకు. ఇన్నేళ్లు ఏ పాట ఎత్తితే పాపమన్నారో, ఆ పాటే ఇప్పుడు కావలసివచ్చింది.

నాయన గొంతు మామూలుగానే ఉంది. "వానకోసరమైతే నేను రానన్నా. పడితే నా పాటతోనే పడిందంటారు. అట్లంటే ఆ పొద్దు నీ కాయలు గూడా నేనే తిన్నట్లు ఒప్పుకున్నట్లే గదా."

పెదనాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు. నాయన కొట్టంలోకి పోయి దూడను నిమురుతూ నిలబడ్డాడు. అప్పుడు మా అమ్మ వెళ్లింది ఆయన దగ్గరికి. అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, పైగా పాటలంటే పెద్ద ఇష్టమూ లేదు. ఆ రోజు మాత్రం చేటలో జొన్నలు చెరుగుతున్నది చెరుగుతున్నట్టే వదిలేసి వెళ్లింది.

"వాళ్లు అంటాండారని కాదు నా బాధ, నువ్వు నమ్ముతాండావని" అన్నది. "పాడి తేల్చుకో. పడిందా, నేను గూడా నమ్ముతా, ఈ జన్మకు ఆ మాటెత్తను. పల్లేదా, నువ్వు ఇడ్సిపెట్టు."

నాయన ఆమె వైపు చూసిన చూపు నేను వర్ణించలేను. భయపడ్డ మనిషి చూపు అది. వాన పడితే ఊరికి మేలు, ఆయనకు మాత్రం ఆ పాత నింద ఖాయమైపోతుంది. పడకపోతే ఆయన బయటపడతాడు, ఊరు ఎండిపోతుంది. ఏది కోరుకోవాలో తెలియని చోట నిలబడ్డాడు పాపం. సాయంత్రానికి పెదనాయన ఇంటికి తానే వెళ్లి ఒప్పుకుని వచ్చాడు. ఒకే షరతు పెట్టాడట, చినుకు పడినా పిడుగు పడినా తలంబ్రాల పాట అయ్యేదాకా ఎవరూ లేచిపోకూడదని.

హార్మోనియం అటక దించితే తిత్తిని ఎలుకలు కొట్టేసి ఉన్నాయి. శెట్టి తనకు తెలిసినవాళ్ల దగ్గర ఇంకొకటి తెచ్చాడు, దానితో పాటు నంద్యాల పెళ్లిబ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి కూడా. అంగడి కొడుకుల మీద వదిలేసి వచ్చి మా ఇంట్లోనే మకాం పెట్టాడు. అవుకు ఆవిడ వచ్చింది. మిడుతూరు పెద్దాయన్ను బండిలో పడుకోబెట్టి తెచ్చారు. పాతవాళ్లలో చనిపోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లకు కొత్తవాళ్లను కలిపాం. మా ఆయన సెలవు పెట్టి వచ్చి మగవాళ్ల గుంపులో చేరాడు. ఆయన గొంతు విని నాయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు తాళాలు ఇచ్చి కూర్చోబెట్టాడు. తర్వాత అవి కూడా మెల్లగా తీసేసుకున్నాడు. ఎంత చెడ్డా అల్లుడు కదా.

మా ఇంటి వసారాలో ఆడవాళ్లకు, పెదనాయన కొట్టంలో మగవాళ్లకు, పాత పద్ధతిలోనే వేరువేరుగా నేర్పాడు నాయన. పొద్దున ఈ చోట, మధ్యాహ్నం ఆ చోట. మొదటిరోజు ఆయన గొంతు సరిగా పలకలేదు. ఎండిన బావిలో చేద దించినట్టు గరగరమన్నది. నాకు భయమేసింది. వారం తిరక్కుండానే ఆ గొంతు ఎంత తేటపడిందంటే, వసారా బయట జనం నిలబడి వినసాగారు. ఆయన తప్పు పాడినవాళ్లను తిట్టే తిట్లు కూడా నాకు కొత్త. మా నాయనకు కూడా ముక్కు మీదే కోపమని, అది నాకు ఆయన నుంచే వచ్చిందని అప్పుడు తెలిసింది.

తలంబ్రాల పాట మాకు నేర్పినప్పుడు మాత్రం అందరం ఉసూరుమన్నాం. ఇన్నేళ్లు దాచిన పాట ఇదేనా అనిపించింది. గబగబా నడిచే చిన్న వరస, మధ్యలో ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది, ఉప్పులేని పప్పులా ఉంది. అవుకు ఆవిడ అప్పట్లో కూడా ఇది ఎందుకో నచ్చలేదని నా చెవిలో చెప్పింది. మగవాళ్ల వైపు వాళ్లకూ అలాగే ఉందని మా ఆయన చెప్పాడు, వాళ్లది మరీ నిదానమట, పాడుతుంటే ఆవలింతలు వస్తున్నాయట. రెండూ ఒకసారి కలిపి పాడిద్దామని శెట్టి ఎంత బతిమాలినా నాయన వినలేదు. పెళ్లికి ముందు పెళ్లికొడుకు ఇంట్లో పెళ్లికూతురు ఏం చేస్తుంది అన్నాడు.

ఆటను మధ్యాహ్నం ఎండ తగ్గగానే మొదలుపెట్టాం. రాత్రి ఆడదామంటే ఊరు ఒప్పుకోలేదు, ఆకాశం కనబడాలట. పెదనాయన కళ్లం పక్కనే, బీటలు వారిన రేగడి నేల మీద చాపలు పరిచారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. తూర్పున ఆడవాళ్లం నల్లచీరల్లో, పడమర మగవాళ్లు, మధ్యలో వాయిద్యాలు, వాటి మధ్యలో నాయన. నేను ఆడవాళ్లలో ముందు నిలబడి పాట ఎత్తుకోవాలి.

మొదట్లో జనం పాటను పట్టించుకోలేదు, పైకే చూస్తున్నారు. కొంగు చూసి పోయేటోళ్లు పాట వచ్చేసరికి ఆడవాళ్ల వైపు ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, ఆ నవ్వు అంటుకుంది. మగవాళ్లకు నిజంగానే రోషం వచ్చింది, గొంతులు పెంచారు. మేమూ తగ్గలేదు. ఆ కరువులో, ఆ ఎండలో, పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనుషుల్ని చూశాను నేను.

అలక పాట ఎత్తుకున్నాం. సరిగ్గా అప్పుడే నల్లమల మీద ఒక మబ్బు లేచింది. చిన్నదే, అడుగున మాత్రం నల్లగా ఉంది. ఒకరు చూశారు, ఇంకొకరికి చూపించారు. నవ్వులు ఆగిపోయాయి. కొందరు లేచి నిలబడి దండం పెట్టారు. చల్లటి గాలి కూడా ఒక తెర వచ్చి తగిలింది. నేను నాయన వైపు చూశాను. హార్మోనియం మీద ఆయన వేళ్లు ఆగిపోయాయి. శెట్టి ఫిడేలు ఒక్కటే నడుస్తోంది. ఇక ఆట ఆగిపోతుందనుకున్నాను. నాకు దేవుణ్ణి ఏం కోరుకోవాలో తెలియలేదు. ఊరంతా వాన పడాలని మొక్కుతుంటే, నేను ఒక్కదాన్ని నల్లచీర కట్టుకుని మబ్బు తరఫున నిలబడి, వద్దు, ఈ పూటకు వద్దు అని మొక్కుకున్నాను.

నాయన తలెత్తి ఆ మబ్బును చూశాడు. తర్వాత తల దించుకుని, మా రెండు గుంపుల వైపూ చెరొక చెయ్యి చాచి, మధ్యలో పాటలన్నీ వదిలేసి తలంబ్రాల పాట ఎత్తుకోమని సైగ చేశాడు.

మేం మా గబగబ పాట ఎత్తుకున్నాం. వాళ్లు వాళ్ల నిదానం పాట ఎత్తుకున్నారు. మొదట అంతా గందరగోళం, నాకు నా పాటే వినబడలేదు. నాయన రెండు చేతులతో తాళం వేస్తూ కళ్లతోనే మమ్మల్ని తిడుతున్నాడు. ఎక్కడో ఒక చోట, ఎలాగో, కుదిరింది. మా పాట ఎక్కడ ఆగుతుందో ఆ ఖాళీలో వాళ్ల మాట వచ్చి పడుతోంది. వాళ్ల ఒక చరణం నడిచేలోగా మా చరణాలు రెండు నడిచి, రెండు పాటలూ ఒకే చోట వచ్చి కలుస్తున్నాయి. ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకున్నట్టే ఉంది. అవుకు ఆవిడ పాడుతూనే ఏడుస్తోంది. ఒక పాటలో సగం మాత్రమే ఇన్నేళ్లు మా దగ్గర ఉందని, మిగతా సగం అవతలి గుంపు దగ్గర ఉందని అందరికీ ఒకేసారి తెలిసింది. డప్పులు చెలరేగాయి. షరతు పెట్టాడని కాదు, ఎవరికీ లేవబుద్ధి కాలేదు.

పాట ముగిసింది. మబ్బు చెదిరిపోయి తెల్లటి పీచులా మిగిలింది. చినుకు రాలలేదు.

జనం దిగులుగా బండ్ల వైపు కదిలారు. కొందరు నాయన దగ్గరికి వచ్చి పాట బాగుందప్పా అని, వానమాట ఎత్తకుండా వెళ్లిపోయారు. నా కళ్ల ముందు ఎండిన నేల, ఆ నేల మీద తలలు వంచుకుని వెళ్తున్న మనుషులు. మా ఇంటివాళ్లకు మాత్రం సంతోషం ఆగడం లేదు, అది ముఖంలో కనబడకుండా దాచుకోలేక చచ్చాం. అంత సిగ్గుపడుతూ అంత సంతోషపడింది జన్మలో అప్పుడే. వాన ఆ తర్వాత పుష్యమి కార్తెలో వచ్చింది, ఎవరి పనుల్లో వాళ్లుండగా. అప్పుడు ఎవరూ పాడడం లేదు.

అందరూ కదిలాక పెదనాయన వచ్చాడు. నాయన ఎదురుగా చాప మీద కూర్చోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నేను హార్మోనియం సర్దుతున్నట్టు అక్కడే ఉన్నాను, ఏమైనా అంటే ఊరుకోకూడదని.

"ఒక్క చినుకు గూడా రాలలేదు" అన్నాడు పెదనాయన.

"లేదన్నా" అన్నాడు నాయన.

"అయితే ఆ పొద్దు గూడా నీది కాదప్పా."

పెదనాయన మా నాయన మోకాలి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నాడు. ఇన్నేళ్లు నేను ఆయన మీద పెంచుకున్న కోపం అంతా ఏమైందో, వెతుక్కున్నా దొరకలేదు. ఆయన ఇంట్లోకి వెళ్లి మజ్జిగ తెచ్చి ఆయనకు ఇచ్చాను, అదే గ్లాసుతో నేనూ తాగాను.

పొద్దు వాలుతుండగా ఇంటికి బయలుదేరాం. అమ్మ ముందు నడుస్తోంది, వెనక్కి తిరిగి నాయన వైపు చూడడం లేదు, మాట నెగ్గినదాన్ననే గర్వం పైకి కనబడుతుందని కాబోలు. నాయన ఏమైనా అంటాడేమోనని నేను ఎదురుచూశాను. వాన గురించో, పెదనాయన గురించో, ఇన్నాళ్ల బాధ గురించో. వీధి మలుపు తిరిగాక ఒక్కసారిగా మొదలుపెట్టాడు. క్లారినెట్ వాడు పెళ్లి ఊరేగింపు అనుకుంటున్నాడట. రెండో ఫిడేలు శ్రుతి ఎక్కడో ఉంది, మనిషి ఎక్కడో ఉన్నాడట. మగవాళ్లు సగం మంది నిద్రపోయారట. నేను తలంబ్రాల పాట ఒక మాత్ర ఆలస్యంగా ఎత్తుకున్నానట, టీచరునని చెప్పుకోవడానికి సిగ్గులేదా అట. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నవ్వుతూ నడుస్తున్నాను.

"ఏందీ, నవ్వుతాండావ్?" అన్నాడు నాయన. "రేపు పొద్దున్నే ఆడోళ్లను పిలువు. శెట్టిని గూడా పోనీయొద్దు. మళ్లా మొదటి నుంచి పాడాల."